జూనియర్ డాక్టరు పక్కన కూర్చునేదెవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. వైద్యుల కొరత గురించి జరిగే చర్చలన్నీ సీట్ల సంఖ్య దగ్గర మొదలై సీట్ల సంఖ్య దగ్గరే ఆగిపోవడం చాలాకాలంగా గమనిస్తున్నాను. ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు అన్న లెక్కలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి కాబోలు, అందరమూ వాటినే ముందేసుకుని వాదించుకుంటాం. పట్టా చేతికొచ్చిన ఆ యువ వైద్యులు జనరల్ ప్రాక్టీసులో, అంటే ఏ నలత చేసినా మనిషి మొట్టమొదట వచ్చి కూర్చునే చోట, ఎవరి దగ్గర పని నేర్చుకుంటారన్నది మాత్రం ఎవరూ అడగరు. ముప్పై ఏళ్లకు పైగా అలాంటి ప్రాక్టీసు చేసి, అందులో సగం కాలం జూనియర్లకు పని నేర్పినవాణ్ణి కనుక ఆ విషయమే రాస్తున్నాను.

1961లో అమెరికా వైద్య పరిశోధకుడు కెర్ వైట్, ఆయన సహచరులు ఒక లెక్క ప్రచురించారు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే ఒక నెలలో సుమారు 750 మందికి ఏదో ఒక అనారోగ్యం కలుగుతుందని, 250 మంది డాక్టరును కలుస్తారని, తొమ్మిదిమంది ఆసుపత్రిలో చేరతారని, పెద్ద బోధనాసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరేనని అందులో తేలింది. నలభై ఏళ్ల తర్వాత, 2001లో, అమెరికాలో మళ్లీ లెక్క కట్టినప్పుడూ బోధనాసుపత్రిలో చేరినవారు వెయ్యికి ఒకరికన్నా తక్కువే ఉన్నారు. మన వైద్యవిద్య దాదాపు అంతా ఆ ఒక్కరి మంచం చుట్టూ నిలబడి సాగుతుంది. అలా చదువుకున్నవాణ్ణి తీసుకెళ్లి తక్కిన 249 మంది వచ్చే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఇక పని వచ్చినట్టే అనుకోవడం ఎంతవరకు సబబు?

వార్డుకు వచ్చే రోగిని అప్పటికే ఇద్దరు ముగ్గురు వైద్యులు చూసి ఉంటారు, జబ్బుకు ఒక పేరు కూడా పెట్టి ఉంటారు. ప్రాక్టీసులో ఎదురయ్యే మాట "ఈమధ్య ఎందుకో నీరసంగా ఉంటోంది డాక్టరుగారూ" అన్నంతే. అది నిద్రలేమి కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, చెప్పుకోలేని దిగులు కావచ్చు, ఎప్పుడో ఒకసారి క్యాన్సరూ కావచ్చు. ఇక్కడ పరీక్షలకు కూడా వార్డులో ఉన్న అర్థం ఉండదు. జబ్బున్నవారిలో నూటికి తొంభైమందిని పట్టుకుని, లేనివారిలో నూటికి తొంభైమందిని సరిగ్గా వదిలేసే ఒక పరీక్ష ఉందనుకుందాం. సగం మందికి జబ్బు ఉండే వార్డులో ఆ పరీక్ష పాజిటివ్ అని చెబితే పదిలో తొమ్మిదిసార్లు నిజమవుతుంది. నూటికి ఒక్కరికే ఆ జబ్బు ఉండే ప్రాక్టీసులో అదే పరీక్షను వెయ్యిమందికి చేయిస్తే, జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమందితో పాటు ఏ జబ్బూ లేని 99 మంది కూడా పాజిటివ్‌గా తేలతారు, అంటే పన్నెండుమందిని భయపెడితే అందులో ఒక్కరే నిజమైన రోగి. ఈ లెక్క తెలియని వైద్య విద్యార్థి ఉండడు. కానీ ఎదురుగా మనిషి ఆత్రంగా చూస్తున్నప్పుడు, పరీక్షల చీటీ మీదకు చేయి పోతున్నప్పుడు, అది గుర్తుకు రావాలంటే పక్కన ఎవరైనా ఉండి "ఇది రాస్తే ఏం తెలుస్తుందనుకుంటున్నావు?" అని నాలుగైదుసార్లయినా అడిగి ఉండాలి.

వినడం సంగతీ అంతే. 1975లో హాంప్టన్ బృందం బ్రిటన్‌లో ఓపీకి కొత్తగా వచ్చిన 80 మంది రోగులను పరిశీలిస్తే, 66 మంది విషయంలో రోగి చెప్పిన వివరాలను బట్టే రోగనిర్ధారణ కుదిరింది, ఒళ్లు పరీక్షించడం వల్ల ఏడుగురిలో, ల్యాబ్ పరీక్షల వల్ల ఏడుగురిలో మాత్రమే అభిప్రాయం మారింది. ఇక 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ చేసిన అధ్యయనంలో రోగి చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే వైద్యులు అడ్డుపడ్డారు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కొన్నేళ్ల తర్వాత, రోగి అనుమతితో తీసిన నా సొంత కన్సల్టేషన్ వీడియోను జూనియరు పక్కన కూర్చుని చూసుకున్నప్పుడు ఆ నవ్వు పోయింది. నా తప్పును ముందుగా ఆ అమ్మాయే పట్టుకుంది, మర్యాదగా చెప్పింది కూడా.

శిక్షణ అనగానే జూనియరు తనకు తెలియని కేసును సీనియరు దగ్గరకు తెచ్చి అడగడమే చాలామందికి గుర్తుకొస్తుంది. అది అవసరమే కాని, తనకు తెలియదని తెలిసిన సంగతి మాత్రమే అందులో బయటపడుతుంది. అందుకే రోజు చివర ఆ రోజు చూసిన వాటిలో రెండు మూడు కేసులను నేనే కళ్లు మూసుకుని ఎంచుకుని మాట్లాడేవాణ్ణి. ఒకసారి అలా ఒక పసివాడి జ్వరం కేసు వచ్చింది. గొంతు, చెవులు, ఊపిరి, ఒంటిమీద దద్దు, అన్నీ చూసి వైరల్ అని చక్కగా రాసి ఉంది. పాలు తాగడం మానేస్తే, మూత్రం తగ్గితే, ఊపిరి వేగమైతే, పిలిస్తే పలకకపోతే వెంటనే తీసుకురమ్మని తల్లికి చెప్పినట్టు మాత్రం ఎక్కడా లేదు. అడిగితే, వైరలేనన్న నమ్మకం ఉంది కనుక చెప్పలేదన్నాడు. తప్పు అతనిది కాదు. వార్డులో నర్సు గంటగంటకూ చూస్తుంది, ఇంటికి పంపేటప్పుడు ఆ కాపలా పనిని తల్లికి అప్పగించాలని అతనికి ఎవరూ చూపించలేదు, అప్పటికి నెల రోజులుగా నా దగ్గరే ఉన్నా నేనూ చూపించలేదు. ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి ఆ ఇంటికి ఫోన్ చేశాం.

ఇదంతా జరగడానికి కావలసింది సమయం. సరిగ్గా నడిచే చోట జూనియరుకు మొదట్లో ఒక్కో రోగికి అరగంట ఇచ్చి, నెలలు గడిచేకొద్దీ పదిహేను, పది నిమిషాలకు తగ్గిస్తారు. అతను తలుపు తట్టి అడగడానికి వీలుగా సీనియరు జాబితాలో మధ్యమధ్య ఖాళీలు వదులుతారు. చాలాచోట్ల జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. జూనియరు వచ్చాడు కనుక సీనియరు జాబితాకు తోడు ఇంకొక జాబితా తయారవుతుంది, వరుస త్వరగా కదిలిందని అందరూ సంతోషిస్తారు, రిపోర్టులో మాత్రం దానికి శిక్షణ అని పేరు. నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి అదనపు చేతుల కింద లెక్క కట్టడం నాకు మొదటినుంచీ మింగుడుపడని సంగతి.

రోగులను ప్రయోగాలకు వాడుకుంటారా అని కొందరు అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే. గదిలోకి రాకముందే, జూనియరు వినకుండా, రోగి ఇష్టాన్ని అడగాలి. వద్దంటే కారణం చెప్పనక్కర లేకుండా సీనియరే చూడాలి. నా అనుభవంలో వద్దన్నవారు కొద్దిమందే, అరగంట తీరిగ్గా మాట్లాడే డాక్టరు దొరికాడని మళ్లీ ఆ జూనియరునే అడిగి వచ్చినవారు అంతకన్నా ఎక్కువ.

కాలవ్యవధి గురించి కూడా ఒక మాట. నాలుగు వారాల పోస్టింగులో జూనియరుకు కనిపించేది జబ్బు తాలూకు ఒక్క రోజు మాత్రమే. దగ్గు తనంతట తానే తగ్గిందా, బీపీ మందు ఆర్నెల్లకైనా వాడుతున్నారా, రిఫర్ చేసిన మనిషి గురించి ఆసుపత్రి నుంచి ఏ జవాబు వచ్చిందన్నది చూసినవాడికే తన అంచనా ఎంతవరకు నిలిచిందో తెలుస్తుంది. ఒకే వైద్యుణ్ణి కలుస్తూ ఉండడానికీ మరణాల రేటుకూ సంబంధమేమిటని వెతికిన 22 అధ్యయనాలను 2018లో ఒక సమీక్ష పోగుచేస్తే, 18 అధ్యయనాల్లో అలా కలుస్తున్నవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. అలాంటి వైద్యులు కావాలనుకుంటే వారిని ఒకే ప్రాక్టీసులో కనీసం ఏడాదైనా ఉంచాలి. బ్రిటన్‌లో ఈ శిక్షణ మూడేళ్లు, అందులో చాలాభాగం ఇప్పుడు ప్రాక్టీసులోనే గడుస్తుంది.

ఇకముందు మీ పత్రికలో శిక్షణ కేంద్రాల గుర్తింపు గురించిన వార్తలు వచ్చినప్పుడు, గదులెన్ని, పరికరాలెన్ని అన్నవాటితో పాటు, అక్కడి సీనియరు వారంలో ఎన్ని గంటలు రోగులెవరూ లేకుండా జూనియరుతో కూర్చుంటున్నారో, ఆ గంటలకు జీతం ఎవరిస్తున్నారో కూడా అడిగి ప్రచురించవలసిందిగా నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫ్యామిలీ డాక్టరు