సంగీతం పేపర్ మీదేనా?

ఎడిటర్ గారికి నమస్కారం. మా అమ్మాయి డిగ్రీలో సంగీతం ఎలెక్టివ్ తీసుకుంటే చాలా సంతోషపడ్డాను, కానీ సెమిస్టర్ అయ్యేసరికి 72 మేళకర్తలు (మూల రాగాలు), వాటిని ఆరేసి చొప్పున విడదీసిన 12 చక్రాలు అని గడగడా అప్పజెప్పేస్తోంది గానీ మాయామాళవగౌళ రాగం వినిపిస్తే గుర్తుపట్టలేకపోయింది, మొదటి పాఠాలైన సరళీ వరుసలు మొదలుపెట్టేదే ఆ 15వ మేళకర్తలో కదండీ! క్లాసులో పాడేవాళ్లకి ఆధార స్వరం ఇచ్చే శ్రుతి పెట్టె కూడా లేదంట, అంతా నోట్సే. మొన్న రాత్రి నేనే ఫోన్లో శ్రుతి పెట్టి మోహన రాగం పాడించాను, అందులో మ, ని ఉండవు, స రి గ ప ద అని ఐదే స్వరాలు, రెండు మూడు సార్లు జారిపోయి చివరికి గాంధారం (గ) దగ్గర సరిగ్గా నిలబడింది, "నాన్నా, ఇది ఎప్పట్నుంచో తెలిసిన పాటలాగే ఉందే" అంది, ఆ ముక్క నోట్సులో ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టింది ఆదిభట్ల నారాయణదాసు గారిని, గజ్జె కట్టి హరికథ చెప్పే మనిషిని! ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది కూడా అక్కడే. మామూలు డిగ్రీ కాలేజీల్లో అంత అడగట్లేదు, వారానికి ఒక్క పీరియడైనా పాడటానికి, వినడానికి ఉంచి సగం మార్కులు ప్రాక్టికల్‌కి ఇమ్మని ఉన్నత విద్యామండలిని కోరుతున్నా.

ఒక తండ్రి, బొబ్బిలి