ఎండ 42 అని వేశారు సరే, ఆ యూవీ ఎవరు కొలిచారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కాకినాడలో ముప్పై ఏళ్లకి పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మాస్టార్ని. ప్రస్తుతం టొరంటోలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే మీ పేపరు ఫోన్లో చదవకపోతే నాకు కాఫీ దిగదు. మే నెలలో మీరు వేసిన ఎండల పేజీ గురించి అప్పుడే రాద్దామనుకున్నాను, కానీ అందులోని ఒక్క అంకె నన్ను నెలరోజులు కూర్చోబెట్టి లెక్కలు చేయించింది. అందుకే ఇంత ఆలస్యం, ఉత్తరం కూడా పొడుగే, ఎక్కడ కత్తిరించుకుంటారో మీ ఇష్టం.

ఆ పేజీలో పళ్లు కొరుకుతున్న సూర్యుడి బొమ్మ, చెమటలు కక్కుతున్న మనిషి, పక్కన ఎర్రటి గుండ్రంలో ‘యూవీ 13’ అని ఉంది. అంతే. ఏ ఊళ్లో 13? ఎన్ని గంటలకి? ఎవరు కొలిచారు? ఒక్క ముక్క లేదు. కింద మాత్రం మామూలుగా ప్రతి ఏడూ వేసేదే, మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయటికి రావద్దని. ఆ హెచ్చరిక వడదెబ్బకి సంబంధించింది, ఆ 13 యూవీకి, అంటే చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలకి సంబంధించింది, రెండిటికీ టైములు వేరు. పక్కపక్కన పెట్టేసరికి రెండూ ఒకటే అనుకుంటారు జనం.

నన్ను అడిగితే నేను కూడా మొన్నటిదాకా అలాగే అనుకున్నాననే చెప్పాలి. ఇక్కడ జూన్‌లో టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు ఉష్ణోగ్రత 24 అంటారు, వెంటనే యూవీ ఇండెక్స్, అంటే ఆ కిరణాల తీవ్రత చెప్పే అంకె, 8 అంటారు. 24 అంటే మనకి సంక్రాంతి పొద్దుటిపూట. మా మనవరాలు సమ్మర్ క్యాంపుకి బయల్దేరుతూ ‘తాతయ్యా, నీ టోపీ ఏది?’ అంటే నవ్వాను, ఈ చలికి టోపీ ఏంటమ్మా అని. ‘వేడికి కాదు తాతయ్యా, యూవీకి’ అంది. ఎనిమిదేళ్ల పిల్ల. విద్యుదయస్కాంత వర్ణపటం బోర్డు మీద కొన్ని వందలసార్లు గీసినవాణ్ణి, మారు మాట్లాడకుండా వెళ్లి టోపీ తెచ్చుకున్నాను.

ఆ రోజు నుంచి కూర్చుని వెతికితే తేలిందేంటంటే, ప్రపంచ ఓజోన్, అతినీలలోహిత వికిరణ డేటా కేంద్రం అనేది ఈ ఊళ్లోనే ఉంది. ప్రపంచ వాతావరణ సంస్థ కోసం కెనడా వాతావరణ శాఖ నడుపుతోంది. 1960లో ఓజోన్ కొలతలు దాచడానికి మొదలుపెట్టారు, 1992లో యూవీ కొలతలు కూడా చేర్చారు. ఆ ఏడాదే యూవీ ఇండెక్స్ అనేది కూడా కెనడాలోనే పుట్టింది. దేశదేశాల స్టేషన్లు పంపిన ఫైళ్లన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి, రూపాయి కట్టక్కర్లేదు, ఏ స్టేషను, ఏ ఏడాది, ఏ పరికరం అని ఎంచుకుంటే చాలు, దిగిపోతాయి. డఫరిన్ స్ట్రీట్‌లో ఉన్న వాళ్ల భవనం పైకప్పు మీద బ్రూవర్ అనే స్పెక్ట్రోఫోటోమీటర్లు, అంటే ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి ఎంతుందో కొలిచే పరికరాలు, మూడున్నాయి, 8, 14, 15 నంబర్లవి. ప్రపంచంలో మిగతా బ్రూవర్లు ఓజోన్ సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసుకోవడానికి ఇవి తూకపు రాళ్ల లాంటివి. మా అబ్బాయి చేత కారు అటు తిప్పించి చూశాను కానీ పైకప్పు కింద నుంచి కనపడదు. ‘దీనికా నాన్నా వచ్చింది’ అన్నాడు.

సరే, ఒక జూన్ రోజు టొరంటో ఫైలు దించాను. తెరిస్తే పైన హ్యాష్ గుర్తులతో మొదలయ్యే వరసలు, ఏ స్టేషను, ఏ పరికరం, అక్షాంశం, రేఖాంశం, టైము ఏ లెక్కలో రాశారు, ఇవన్నీ. తొందరపడి అవన్నీ కిందకి జరిపేసి అంకెల దగ్గరికి వెళ్లాను, అదే నా మొదటి తప్పు. ఎండ తారస్థాయికి సాయంత్రం 5 దాటాక చేరినట్టు వచ్చింది! పరికరం పాడైందా అని ఒక పూట ఆలోచించాను. తీరా చూస్తే ఆ ఫైల్లో టైము గ్రీన్విచ్‌ది, టొరంటోలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి అక్కడ 5 దాటిపోతుంది. పైన హ్యాష్ వరసలో ఆ సంగతి రాసే ఉంది, నేనే చదవలేదు. మనకి ఈ బాధ తెలియదు, ఎందుకంటే మన దేశం టైము లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది, గడియారంలో 12 అయితే సూర్యుడు కూడా ఇంచుమించు 12 దగ్గరే ఉంటాడు.

తర్వాత అసలు అంకెలు. 290 నానోమీటర్ల నుంచి 325 దాకా అర నానోమీటరు చొప్పున 71 వరసలు, ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత శక్తి నేల మీద పడిందో. ఈ పట్టిక చూస్తుంటే నాకు క్లాసులో చెప్పినన్నాళ్లూ కలగని ఆశ్చర్యం కలిగింది. 290 దగ్గర దాదాపు ఏమీ లేదు, అక్కడి నుంచి 325కి వచ్చేసరికి వేల రెట్లు పెరిగింది. మధ్యలో ఉన్న ఆ నిటారు గోడే ఓజోన్ పొర. పుస్తకంలో ‘ఓజోన్ పొర మనల్ని కాపాడుతుంది’ అని ఒక వాక్యం ఉంటుంది, పిల్లలు బట్టీ కొడతారు, మేం రెండు మార్కులు వేస్తాం. ఈ 71 అంకెలు గ్రాఫు గీయిస్తే ఆ వాక్యమే అక్కర్లేదు.

ఇండెక్స్ కావాలంటే ఈ అంకెల్ని నేరుగా కూడితే సరిపోదు. అన్ని కిరణాలూ చర్మాన్ని ఒకేలా కాల్చవు కదా. అందుకని 298 నానోమీటర్ల దాకా పూర్తి ఒక మార్కు, ఆ తర్వాత దిగిపోతూ 328 దగ్గరికి వచ్చేసరికి వెయ్యో వంతుకి కాస్త పైన, ఇలా ఒక్కోదానికి ఒక్కో బరువు పెట్టి గుణించి, అప్పుడు కూడాలి. చదరపు మీటరుకి ఎన్ని వాట్లు వచ్చిందో దాన్ని 40 పెట్టి గుణిస్తే అదే యూవీ ఇండెక్స్. ఎక్సెల్‌లో వేశాను. 13.6 వచ్చింది. టొరంటోలో 13.6 ఏంటి, ఎండ కాకినాడ నుంచి నాతోపాటు విమానమెక్కి వచ్చిందా? మళ్లీ చూస్తే, వరసకీ వరసకీ మధ్య దూరం అర నానోమీటరు కదా, ఆ అరతో గుణించడం మర్చిపోయాను. గుణిస్తే 6.8. పట్టిక కింద వాళ్లే వేసిన మొత్తం ఒకటుంటుంది, దాన్ని 40తో గుణిస్తే నాదానికన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. ఎందుకంటే పరికరం 325 దగ్గర ఆగిపోతుంది, కానీ ఎండలో యూవీ 400 దాకా ఉంటుంది, ఆ మిగిలిన తోకని వాళ్లు అంచనా కట్టి కలుపుతారు, నేను వదిలేశాను.

ఇదంతా మీకెందుకంటే, ఆ ఎర్ర గుండ్రంలో 13 వేసినవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట నాలాగే ఒక అర మర్చిపోయి ఉండొచ్చు, లేదా అంకె సరైనదే అయి ఉండొచ్చు. ఏదైనా చదివేవాడికి తెలిసే దారి లేదు. నిజానికి మే నెలలో మబ్బు లేని రోజు మన దగ్గర 12, 13 రావడం వింతేం కాదు. అసలు ఈ స్కేలు కట్టినప్పుడే ఉష్ణమండలంలో వేసవి నడిమధ్యాహ్నపు ఎండని 10గా పెట్టుకున్నారు. అంటే వాళ్ల స్కేలుకి పైకొస మన నెత్తి మీదే ఉంది. నేను అడిగేది వేరు. అది కొలిచిన అంకెనా, లెక్కగట్టిన అంకెనా?

ఎందుకంటే ఆ డేటా కేంద్రంలో యూవీ స్టేషన్ల జాబితా అంతా నేను గాలించాను. మన రెండు తెలుగు రాష్ట్రాల ఊరు ఒక్కటి కూడా నాకు కనపడలేదు. మన దేశం నుంచి ఓజోన్ కొలతలున్నాయి, ఢిల్లీ, వారణాసి, కొడైకెనాల్, ఇలా. అవి వేరు, నేల మీద పడే యూవీ వేరు. మరి ఫోన్లో వాతావరణం యాప్ తెరిస్తే కాకినాడకి యూవీ ఇంత అని ఎలా చెప్తోంది? ఉపగ్రహం చూసిన ఓజోను, సూర్యుడి ఎత్తు, మబ్బు అంచనా, ఇవన్నీ కలిపి కంప్యూటర్ కట్టిన లెక్క అది. నాసా వాళ్ల పవర్ అనే పేజీలో కూడా అక్షాంశ రేఖాంశాలు ఇస్తే పాత ఏళ్ల యూవీ వస్తుంది, 2001 నుంచీ ఉంది, చాలా పనికొస్తుంది, వాడుకోవాలి కూడా. కాకపోతే అది డిగ్రీకి ఒక గడి చొప్పున ఉన్న లెక్క, అంటే గడి వెడల్పు వంద కిలోమీటర్ల పైచిలుకు. కాకినాడ పడే గడిలో సగానికి పైగా బంగాళాఖాతమే. జగన్నాథపురం వంతెన మీద నిలబడ్డవాడి ఎండ, నడిసముద్రంలో ఎండ కలిపి సగటు అన్నమాట. ఊరి మీది దుమ్ము, పొగ లాంటివి దానికి సరిగ్గా అందవు. కాబట్టి లెక్కగట్టిందైతే లెక్కగట్టిందని రాయండి, పరువు తక్కువేం కాదు.

కొలిచిందైనా గుడ్డిగా నమ్మొద్దు, అదీ చెప్పాలి. బ్రూవర్ ఒక్క స్కాన్ చేయడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో మబ్బు తునక అడ్డొస్తే సగం పట్టిక ఎండలో, సగం నీడలో ఉంటుంది. ఇక ఏళ్ల తరబడి పెరిగిందా తగ్గిందా అనే ప్రశ్నకైతే ఇంకా జాగ్రత్త కావాలి. 1993లో ఈ టొరంటో కొలతల మీదే కెర్, మెక్‌ఎల్రాయ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 300 నానోమీటర్ల దగ్గర యూవీ చలికాలంలో ఏటా 35 శాతం చొప్పున, వేసవిలో 7 శాతం చొప్పున పెరుగుతోందని లెక్క చూపించారు. పెద్ద గొడవైంది. ఉన్నదే నాలుగైదేళ్ల కొలతలు, చలికాలం పెరుగుదలలో ఎక్కువ భాగం 1993 మార్చిలో కొన్ని రోజుల వల్ల వచ్చిందేనని మరికొందరు ఎత్తిచూపారు. రెండు పక్షాలూ చదివింది ఒకే కొలతల్ని. ఆ మధ్య పేపర్లలో ‘పదేళ్లలో యూవీ రెట్టింపు’ లాంటి హెడ్డింగ్ ఏది చూసినా నాకు ఈ మార్చి నెలే గుర్తొస్తోంది.

ఇప్పుడు అసలు గొడవ, టైములు. మే నెలలో కాకినాడకి మబ్బులేని రోజు లెక్క వేశాను. మధ్యాహ్నం 12 దగ్గర ఉన్న యూవీని నూరు అనుకుంటే, ఉదయం 10కే 70 పైన ఉంటుంది. సాయంత్రం 4కి చూస్తే పాతిక లోపు. వేడి మాత్రం 2, 3 గంటల మధ్య పెరిగి 4కి కూడా కుమ్మేస్తుంది. మీ హెచ్చరిక ప్రకారం 12 దాకా బయట తిరగొచ్చు, 4 దాకా లోపల ఉండాలి. వడదెబ్బకి అది సరే. యూవీకి మాత్రం తలకిందులు. పొద్దున్నే ఉపాధి పనికి వెళ్లి ‘ఎండ ముదరకముందే వచ్చేశాం’ అని 11కి ఇంటికొచ్చే ఆడవాళ్లు అప్పటికే బోలెడు యూవీ తిని వస్తున్నారు. ఉప్పాడలో వలలు బాగుచేసుకునేవాళ్ల సంగతీ అంతే. మనది నల్ల తోలు, తెల్లవాళ్లలా కమిలిపోదు, నిజమే, కానీ కంటికి ఆ రక్షణ లేదు. శుక్లాలకి యూవీ కూడా ఒక కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెప్తోంది.

ఇంకోటి. కాకినాడలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు, మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 5 ప్రాంతంలో ఒకసారి. ఆగస్టు నాటికి మీ ఎండల పేజీ తీసేసి వానల పేజీ పెడతారు. మబ్బు విడిచిన గంటలో పడే యూవీ మే నెలకేం తీసిపోదు, పల్చటి మబ్బైతే చాలావరకు వదిలేస్తుంది కూడా. చెమట పట్టదు కాబట్టి ఎవరికీ తెలియదు.

అందుకని నేను కోరేది ఇదే. ఉష్ణోగ్రత పక్కన యూవీ ఇండెక్స్ కూడా రోజూ వేయండి, వేసవిలోనే కాదు, పన్నెండు నెలలూ. దాని కింద చిన్న అక్షరాల్లో ఊరి పేరు, టైము, కొలిచిందా లెక్కగట్టిందా, ఈ మూడూ రాయండి. ఇండెక్స్ 8 దాటిన గంటలు ఏవో చెప్పండి, ‘10 నుంచి 2’ అని జనం నోటికి రావాలి. అంకె గుర్తుండకపోతే నీడ చూసుకోమనండి, మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ గొడుగో టోపీయో ఉండాలి. మన యూనివర్సిటీల మేడల మీద ఒక మీటరు పెట్టి రోజూ కొలిచి ఆ కేంద్రానికి పంపమని మీరు ఒక్క వ్యాసం వేసినా బాగుంటుంది, ఆ జాబితాలో మన ఊరు లేకపోవడం నాకు చాలా నామోషీగా అనిపించింది.

నేను అక్టోబర్‌లో కాకినాడ వచ్చేస్తాను. మీ డెస్కులో ఎవరికైనా నా ఎక్సెల్ షీటు కావాలంటే పంపిస్తాను. అందులో అరతో గుణించే ఉంది, రెండుసార్లు చూసుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు,
కాకినాడ (ప్రస్తుతం టొరంటో)