ఎడమవైపు ఆడించేవారు ఎడమకాలు కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

మన ఊళ్లలో ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లల్లో ఎడమకాలి వాటం ఉన్నవారు తక్కువ. జట్టుకు ఒక్కడు దొరికితే వాణ్ని ముందుకు, అంచు వెంట దాడి చేసే వింగర్‌గా పంపుతారు. ఇక వెనక ఎడమ అంచును కాపాడే లెఫ్ట్ బ్యాక్ స్థానంలో కుడికాలితో ఆడే కుర్రవాణ్ని నిలబెట్టడం మామూలే. అలా నిలబెట్టడం తప్పని నేను అనడం లేదు. నిలబెట్టిన తరువాత ఎడమకాలి సాధన చేయించకుండా వదిలేయడం ఆ పిల్లవాడికి చేస్తున్న అన్యాయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కుడికాలి వాటంతోనే సికింద్రాబాద్ మైదానాల్లో పదకొండేళ్లు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినవాణ్ని కనుక ఈ కష్టం నాకు బాగా తెలుసు.

ఎడమ టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర బంతి అందుకున్న కుడికాలి ఆటగాడి ఇబ్బంది గట్టు మీద కూర్చున్నవారికి చప్పున అర్థం కాదు. లైను వెంబడి ముందుకు పాస్ ఇవ్వాలని కుడిపాదం లోపలి అంచుతో తన్నితే బంతి ఎడమకు వంపు తిరిగి గీత దాటిపోతుంది. అదే ఎడమపాదంతో తన్నితే మైదానంలోకి వంగి వింగర్ పరుగుకు అందుతుంది. పైగా ప్రత్యర్థి సాధారణంగా లోపలివైపు నుంచే మీదికి వస్తాడు. బంతి కుడికాలి దగ్గర ఉంటే అతనికి చేరువగా ఉంటుంది, ఎడమకాలి దగ్గర ఉంటే మధ్యలో మన ఒళ్లు అడ్డుగా ఉంటుంది.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఒక లీగ్ మ్యాచ్ చివరి నిమిషాల్లో, ముందంతా ఖాళీగా ఉన్నా, ఎడమకాలితో తన్నడానికి జంకి బంతిని కుడికాలి మీదికి తిప్పుకోబోయాను. అవతలి వింగర్ సరిగ్గా దానికోసమే కాచుకుని ఉన్నాడు. బంతి లాక్కుపోయాడు, గోల్ అయింది, మేం ఓడిపోయాం. మా శిక్షకుడు అందరి ముందూ నన్ను తిట్టారు. అంతకు ముందు రెండు సీజన్లలో ఆయన నా చేత ఒక్క పూటైనా ఎడమకాలితో సాధన చేయించలేదు.

ఆ తరువాత నాకు దారి చూపింది మైదానానికి రోజూ వచ్చే ఒక పెద్దాయన. ఎడమకాలికి మాత్రమే బూటు తొడిగి, కుడికాలిని వట్టిగా ఉంచి, గోడకు అయిదారు అడుగుల దూరంలో నిలబడి బంతి తన్నమన్నారు. వట్టికాలితో తన్నితే నొప్పి పుడుతుంది కనుక కుడికాలు తనంతట తానే వెనక్కి తగ్గింది. మొదటి వారం బంతి ఎటు పోతుందో తెలిసేది కాదు. ఆయన నా ఎడమకాలి వైపు చూడనే లేదు. నేల మీద ఆనిన కుడిపాదం బంతికి ఎంత పక్కన ఉంది, దాని వేళ్లు ఎటు చూస్తున్నాయి, మోకాలు కాస్త వంగిందా లేదా అన్నవే చూసేవారు. తన్నడం రాదని మనం అనుకునేదాంట్లో సగం, ఆనిన కాలు మీద నిలవడం రాకపోవడమేనని నాకు అప్పుడే తెలిసింది. నాలుగు నెలలకు ఇరవై గజాల పాస్ ధీమాగా ఇవ్వగలిగాను. అంచు నుంచి గోల్ ముందుకు బంతి పంపే క్రాస్ మాత్రం చివరిదాకా అంతంతమాత్రమే.

వాటం కాని వైపు ఆడటంలో లాభం కూడా ఉంది. ఈ రోజుల్లో ఎడమకాలి వింగర్లు కుడివైపున ఆడుతూ లోపలికి దూసుకువస్తున్నారు. అలాంటివారిని అడ్డుకునేటప్పుడు లెఫ్ట్ బ్యాక్‌కు బలమైన కుడికాలు లోపలివైపే ఉండటం ఎంతో అనుకూలం. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీలో ఆస్పిలిక్యూటా కుడికాలితోనే ఎడమవైపు ఆడి, పేరుమోసిన లెఫ్ట్ బ్యాక్ యాష్లీ కోల్ స్థానాన్ని సంపాదించుకున్నాడు. 2006 జూన్ 9న మ్యూనిక్‌లో ప్రపంచ కప్ మ్యాచ్‌లో కోస్టారికాపై జర్మనీ లెఫ్ట్ బ్యాక్ ఫిలిప్ లామ్ ఆరో నిమిషంలో చేసిన గోల్ కూడా ఎడమ అంచు నుంచి లోపలికి వచ్చి కుడికాలితో కొట్టినదే. అయితే అతను ఎడమకాలిని పక్కన పెట్టి ఆడినవాడు కాదు, లైను వెంబడి కూడా పోగలడు కనుకనే డిఫెండర్లు అతను లోపలికి వస్తాడని ముందే ఖాయం చేసుకోలేకపోయేవారు. ఇటలీ క్లబ్ మిలాన్‌లో రక్షణలో టస్సొట్టి కుడివైపు ఉండగా ఎడమకు మారిన డిఫెండర్ మాల్దీనీ సహజంగా కుడికాలి మనిషేనని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఇక పశ్చిమ జర్మనీ లెఫ్ట్ బ్యాక్ బ్రెమె 1990 ప్రపంచ కప్ ఫైనల్‌ను గెలిపించిన పెనాల్టీని కుడికాలితో కొట్టాడు.

ఇదేదో యూరప్ వారికే చెల్లిన విద్య అనుకోనక్కరలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది, 1951లోనూ 1962లోనూ భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మన నగరంలోనే, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న నియమంతో కుర్రవాళ్లకు పోటీలు పెట్టించారు. ఆయన పుట్టిన గడ్డ మీద ఆ పద్ధతి మరుగున పడటం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

అందుకే రెండు రాష్ట్రాల్లోని పాఠశాల క్రీడల నిర్వాహకులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు మీ పత్రిక ద్వారా ఒక మనవి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల సాధనలో రోజూ పావుగంట వాటం లేని కాలికి కేటాయించండి. జిల్లా పోటీలకు ముందు జరిగే స్నేహపూర్వక మ్యాచ్‌లలో ఒక సగమైనా రహీం సాబ్ నియమంతో ఆడించండి. ఒక బంతి, ఒక గోడ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. అంతవరకూ, లైను పక్కన తడబడిన లెఫ్ట్ బ్యాక్‌ను దయచేసి తిట్టకండి.

భవదీయుడు,
ఒక మాజీ లెఫ్ట్ బ్యాక్,
సికింద్రాబాద్