ఓపెన్ టాప్ కారు ధర ఒక్కటే వేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

సెకండ్‌హ్యాండ్ లగ్జరీ కార్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి రెండు వారాలైంది. షెడ్డులో తీరిక లేక ఇప్పుడు రాస్తున్నాను. ఈలోగా ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, ‘అన్నా, ఒకటి చూడవా’ అని అడిగినవాళ్లకు జవాబు చెప్పలేక చస్తున్నాను. కొత్తప్పుడు అరవై, డెబ్బై లక్షలున్న జర్మన్ ఓపెన్ టాప్ కారు, అంటే పైకప్పు తెరుచుకునే బండి, ఇప్పుడు ఇరవై లక్షల లోపే దొరుకుతోందని రాశారు. దొరుకుతోంది, కాదనను. అంత తక్కువకు ఎందుకు వదిలించుకుంటున్నారో కూడా ఒక ముక్క రాయాల్సింది. అది రాయకపోగా, షోరూమ్‌కు వెళ్లకుండా బయట మెకానిక్‌కు చూపించుకుంటే ఖర్చు సగమైపోతుందని ఒక సలహా పడేశారు. ఆ బయట మెకానిక్‌ను నేనే. నా మాట కూడా కాస్త వినండి.

కారు పాతబడితే కారు ధర తగ్గుతుంది గానీ పార్టు ధర తగ్గదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. ఈ కార్లు మన దేశంలో అమ్ముడుపోయిందే చాలా తక్కువ, కాబట్టి టాప్‌కు సంబంధించిన సామాను చాలావరకు విదేశం నుంచి తెప్పించాల్సిందే. సుంకం కట్టాలి, వారాల తరబడి ఎదురుచూడాలి. అందులో నేను తగ్గించగలిగేది నా లేబర్ ఒక్కటే.

బటన్ నొక్కితే ఇరవై సెకన్లలో టాప్ మడుచుకుని డిక్కీలోకి పోవడం వీడియోలో చూడటానికి బాగానే ఉంటుంది. ఆ పని చేసేది ఆయిల్‌ను ఒత్తిడితో తోసే ఒక హైడ్రాలిక్ పంపు, కొన్ని సిలిండర్లు, సన్నటి ఆయిల్ పైపులు, ఏ ముక్క ఎక్కడిదాకా వచ్చిందో కంప్యూటర్‌కు చెప్పే చిన్న చిన్న స్విచ్చులు. ఒక్కటి మొరాయించినా టాప్ సగంలో నిలబడిపోతుంది. మన ఎండలకు సిలిండర్లలో ఆయిల్‌ను ఆపే సీళ్లు గట్టిపడి ఆయిల్ కారుతుంది. 1990ల నాటి మెర్సిడెస్ ఎస్‌ఎల్‌లో ముందు అద్దం పైనుండే సిలిండర్లు కారి ఆయిల్ డ్రైవర్ నెత్తిన పడేదని ఈ పని తెలిసిన ఎవరిని అడిగినా చెబుతారు. బీఎండబ్ల్యూ మొదటి తరం జెడ్4లోనైతే టాప్ మడుచుకునే గూడు అడుగున, నీళ్లు పోయే దారి పక్కనే పంపు మోటారు పెట్టారు. ఆ దారి మూసుకుపోతే వాన నీళ్లు నిలిచి మోటారు మునుగుతుంది.

ఈ నీళ్ల గొట్టాల గొడవ ఒక్క కంపెనీది కాదు. మనవాళ్లు వేపచెట్టు నీడ చూసి మరీ బండి పెడతారు. వేపపూత, ఆకులు, దుమ్ము కలిసి గొట్టంలో మడ్డిలా పేరుకుంటాయి. ఈ మధ్య వచ్చిన ఒక బండికి పాత బైకు క్లచ్ వైరు ముక్క దూర్చి కెలికితే నల్లటి నీళ్లు కుళ్లు వాసనతో బయటికొచ్చాయి. డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తే అడుగంతా తడి, కనెక్టర్ పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పంపు, టాప్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా (మాడ్యూల్) కొత్తవి వేస్తే లక్షలతో పని. ఓనరు గారు నా మొహం చూసి, ‘పేపర్లో సగం ఖర్చే అని రాశారే’ అన్నారు. అందుకే ఈ లేఖ.

అన్నీ పెద్ద రిపేర్లే అని కూడా అనుకోవద్దు. టాప్ కదలడం లేదు, మాడ్యూల్ మార్చాలన్నారు అంటూ ఇంకొకాయన వచ్చారు. చూస్తే డిక్కీలో సామానుకూ మడిచిన టాప్‌కూ మధ్య ఉండే అడ్డుతెర సరిగ్గా తగిలించలేదు. ఆ తెర దాని చోటులో లేకపోతే టాప్ కదలకుండా కంపెనీయే ఏర్పాటు చేసింది. తగిలించి పంపించాను. దానికేం బిల్లు వేస్తాం?

ఇక టైర్లు. ఇలాంటి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. ఒక్కోటి పాతికవేలకు అటూ ఇటూ. గుంతలో పడి పక్క గోడ ఉబ్బిందంటే పంక్చర్ షాపువాడు చేసేదేమీ లేదు, కొత్తది కొనాల్సిందే. ఆ గుంత ఎవరిదని మాత్రం అడగకూడదు. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తులో, బండి మెల్లగా ఎక్కి దిగేంత వెడల్పుగా ఉండాలి. మా కాలనీ రోడ్డు మీద ఉన్నవి చూస్తే కొలిచేందుకు టేపు కూడా అక్కర్లేదు. తారు మిగిలినచోట పోసేసి వెళ్లిపోయారు. రంగు లేదు, బోర్డు లేదు. రోడ్డు పన్ను మాత్రం కారు ధరను బట్టి శాతాల్లో, ముందే, మొత్తంగా కట్టించుకుంటారు.

బీమా ఉంది కదా అంటారు. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం కోత. టాప్ చుట్టూ ఉండేదే రబ్బరు. ఇక పాతబడి పాడైపోయిన పంపుకు బీమాలో పైసా రాదు, ప్రమాదంలో దెబ్బ తింటేనే క్లెయిము.

అసలు భయం మునిగిన బండ్లతో. 2015లో చెన్నై, 2022లో బెంగళూరు, 2024లో విజయవాడ. ప్రతి వరదలోనూ ఖరీదైన కార్లు నీళ్లలో తేలడం టీవీలో అందరం చూశాం. తర్వాత అవన్నీ ఏమయ్యాయి? బీమా కంపెనీలు వాటిని బాగుచేయడం గిట్టదని టోటల్ లాస్ కింద రాసి వేలం వేస్తాయి. అన్నీ తుక్కుకు పోవు. కొన్నింటికి పాలిష్ కొట్టి, సీట్ కవర్లు మార్చి, మీటరు వెనక్కి తిప్పి, ‘సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి’ అని ఇంకో ఊళ్లో పెడతారు. సీట్ బెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనిపిస్తుంది. ఈ ఒక్క లైను మీ వ్యాసంలో ఉన్నా ఎవరో ఒకరు బయటపడేవారు.

పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధీకృత పత్రం తీసుకోవాలని, బండి ఎక్కడికి ఎందుకు తిరిగిందో ఎలక్ట్రానిక్ రిజిస్టర్ పెట్టాలని కేంద్రం 2023 ఏప్రిల్ నుంచి నిబంధన తెచ్చింది. ఎంతమంది దగ్గర ఉందో ఒక రోజు అలా తిరిగి చూడమనండి అధికారులను. వేరే రాష్ట్రం నంబరు బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) కట్టాలి. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. దారిలో అధికారులు ఆపినప్పుడు అందరికీ గుర్తొస్తుంది. హెల్మెట్ లేని కూలీని ఫొటో కొట్టడంలో ఉన్న చురుకు ఇక్కడెందుకు లేదో నాకు అర్థం కాదు.

బండి వరదలో మునిగిందా, బీమా కంపెనీ టోటల్ లాస్ రాసిందా అన్నది అమ్మే కాగితం మీదే డీలరు సంతకం పెట్టి ఇవ్వాలని రవాణా శాఖ ఎందుకు అడగదు? మీరైనా ఆ ప్రశ్న వేయండి. అలాగే ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు కారు ధర పక్కనే టాప్ పంపు ధర, నాలుగు టైర్ల ధర కూడా వేయండి. మీ విలేకరిని మా షెడ్డుకు పంపినా సరే. టాప్ సగంలో ఆగిపోయిన బండి ఒకటి పార్టు కోసం ఎదురుచూస్తోంది. దాని ఓనరు కూడా మాట్లాడతానన్నారు. ఆయన దగ్గర బిల్లులన్నీ ఫైలు కట్టి ఉన్నాయి.

— ఒక కార్ ఎలక్ట్రీషియన్,
మూసాపేట, హైదరాబాద్