ఫిర్యాదు: రాలీ సైట్‌లో నిప్పు జాగ్రత్తలు లేవు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. నార్త్ కరొలైనాలోని మీ రాలీ అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో మేం డబ్బు పెట్టాం. మా ఇల్లు కూడా సైట్‌కు రోడ్డు అవతలే. వెబినార్‌లో మీరు అన్నీ తెలుగులోనే చెప్పారు కాబట్టి ఈ ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను.

మొన్న శనివారం మమ్మల్ని సైట్ చూపించడానికి తీసుకెళ్ళారు. మూడో అంతస్తులో ఒకతను ఉక్కు మెట్లకు వెల్డింగ్ చేస్తున్నాడు. నిప్పురవ్వలు పక్కనే పేరుకున్న రంపపు పొట్టు మీద పడుతున్నాయి. పన్నెండు కాగానే మెషిన్ ఆపి, కేబుల్ చుట్టేసి భోజనానికి దిగిపోయాడు. ఆ తర్వాత అక్కడ కాపలా ఎవరూ లేరు. పొట్టు మీద చెయ్యి పెట్టి చూస్తే ఒకచోట వేడిగా తగిలింది. మా చేతుల్లో ఉన్న నీళ్ళ బాటిళ్ళు అక్కడే కుమ్మరించాం. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కోసం వెతికితే నాలుగంతస్తుల మెట్లకూ కలిపి ఒక్కటే దొరికింది. దాని ప్రెషర్ మీటరు ముల్లు ఎరుపులో ఉంది, అంటే అది వాడే స్థితిలో లేదు. కిందికి వచ్చి చూస్తే ఫైరింజన్‌కు నీళ్ళందించే హైడ్రెంట్‌కు అడ్డంగా ట్రస్సులు (పైకప్పును మోసే చెక్క చట్రాలు) పేర్చి ఉన్నాయి.

సోమవారం మెయిల్ పెడితే, "బిల్డింగ్ పూర్తయ్యాక ఫుల్ స్ప్రింక్లర్ సిస్టమ్ ఉంటుంది, టెన్షన్ పడకండి" అని జవాబిచ్చారు. నా భయం పూర్తయ్యాక సంగతి కాదండీ. గోడలకు జిప్సం బోర్డు కొట్టకముందు, స్ప్రింక్లర్లలోకి నీళ్ళు రాకముందు ఆ భవనం అంతా ఎండు చెక్కే. మంటను ఆపే గోడగానీ తలుపుగానీ ఇంకా లేవు, గాలి ఈ చివర నుంచి ఆ చివరకు ఆడుతుంది. ఫైర్ కోడ్‌లో కట్టే దశకు విడిగా ఒక అధ్యాయం ఉన్నది అందుకే.

2017 మార్చి 16 రాత్రి ఈ ఊళ్ళోనే, డౌన్‌టౌన్‌లో, కడుతున్న చెక్క అపార్ట్‌మెంట్ తగలబడింది. వేడికి చుట్టుపక్కల భవనాలు కూడా దెబ్బతిన్నాయి, జనాన్ని ఖాళీ చేయించారు. అదృష్టం కొద్దీ ప్రాణాలు పోలేదు. 2023 మే 18న షార్లెట్‌లో అంత అదృష్టం లేదు. అక్కడ కడుతున్న అపార్ట్‌మెంట్‌లో మంటలు లేచి ఇద్దరు కార్మికులు చనిపోయారు. మీ సైట్‌లో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లోనూ సాయంత్రం కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

వెల్డింగ్ ఆపాక కనీసం అరగంట ఒక మనిషి అక్కడే ఉండి చూడాలని ఫైర్ కోడ్ ఎప్పటినుంచో చెబుతోంది. అమెరికా అగ్నిరక్షణ సంఘం ఎన్ఎఫ్‌పీఏ వెల్డింగ్ లాంటి పనులకు పెట్టిన 51బీ ప్రమాణం 2019లో దాన్ని గంట చేసింది. భవనం 40 అడుగుల ఎత్తుకు చేరేసరికి స్టాండ్‌పైప్, అంటే ఫైర్ సిబ్బంది పై అంతస్తుల్లో గొట్టాలు తగిలించుకునే నిలువు నీటి పైపు, సిద్ధంగా ఉండాలి. మీ సైట్‌లో నాలుగో అంతస్తు లేచినా అది నాకెక్కడా కనబడలేదు. వీటన్నిటికీ బాధ్యుడిగా ఒక మనిషిని పెట్టాల్సింది ఓనరే. ఆ ఓనర్లలో నేనూ ఒకదాన్ని, అందుకే చూసీ చూడనట్టు ఊరుకోలేను.

హైడ్రెంట్ దగ్గరి ట్రస్సులు ఈరోజే తీయించండి. ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర పనిచేసే ఎక్స్‌టింగ్విషర్ పెట్టించండి. కాపలా మనిషి లేకుండా వెల్డింగ్ చేయనివ్వకండి. స్టాండ్‌పైప్‌లోకి నీళ్ళు వచ్చేదాకా పై అంతస్తు పని ఆపండి. సైట్ బాధ్యుడి పేరు, రాత్రిపూట కూడా అందే ఫోన్ నంబరు రాతపూర్వకంగా పంపండి. శుక్రవారంలోపు జవాబు రాకపోతే, శనివారం తీసిన ఫొటోలతో సహా ఈ ఫిర్యాదును ఊరి ఫైర్ మార్షల్ ఆఫీసులో ఇస్తాను.

ఇట్లు,
మీ ఇన్వెస్టరు, సైట్ ఎదురింటి నివాసి