చివరి ఐదు మిల్లీగ్రాములు

నా ప్రియమైన పంచాంగానికి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలల పదకొండు రోజులైందని నువ్వు ఈపాటికి లెక్క కట్టే ఉంటావు కాబట్టి ఆలస్యానికి సాకులు వెతకను. క్షమించు, అంతే. ఇంట్లో అందరం కులాసా, అక్క కొత్త ఉద్యోగంలో చేరింది, నా కళ్లద్దాలు మళ్లీ మారాయి, ఆ నీలం గొడుగు ఇంకా దొరకలేదు. వార్తలు సమాప్తం. "ఆ మాత్రలు మానేశావా, లేదా? ఒక్క మాటలో చెప్పు" అని నువ్వు అడిగినదానికి ఒక్క మాటలో జవాబు రాయబోయి నాలుగు కాగితాలు చింపాను. మూడో బెంచీ న్యాయస్థానంలో నీకు అలవాటైన అవును, కాదుల తీర్పు ఈ వ్యాజ్యంలో చెల్లదు. మానలేదు, మానకుండానూ లేను. నిన్నటి దాకా నా మోతాదు ఒకటిన్నర మిల్లీగ్రాములు, దాన్ని సూది తీసేసిన సిరంజితో కొలుచుకుని తాగుతున్నాను. నవ్వకుండా విను.

సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఆరేళ్లు వేసుకున్నాను. రెండేళ్ల కిందట, ఇక బాగానే ఉన్నాను కదా, మానేస్తానని డాక్టరు గారిని అడిగాను. ఆయన మంచివాడే, కానీ ఎప్పుడూ తొందరలో ఉండే మంచివాడు. రెండు వారాలు సగం మాత్ర, ఇంకో రెండు వారాలు ఆ సగమే రోజు విడిచి రోజు, ఆ తర్వాత అక్కర్లేదు అని చీటీ మీద రాసిచ్చారు. చెప్పినది చెప్పినట్టే చేశాను. ఆఖరి ముక్క వేసుకున్న నాలుగో రోజు పొద్దున ఎవరో పిలిస్తే తలుపు వైపు తిరిగాను. చూపు తలుపు దగ్గరికి వెళ్లిపోయింది, తల మాత్రం ఒక క్షణం వెనకే ఆగి, లోపల ఎక్కడో జివ్వుమని కరెంటు తగిలి, అప్పుడు వచ్చి చూపును కలుసుకుంది. సాయంత్రానికి కళ్లు తిప్పినప్పుడల్లా అదే. వారం తిరిగేసరికి నిద్రలో యుద్ధాలు, మెలకువలో అకారణంగా కోపం, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసిన తూలుడు.

మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. చెప్పడం సగంలో ఉండగానే జబ్బు తిరగబెట్టిందన్నారు. మెదడులో ఒక రసాయనం తక్కువైనవాళ్లు దాన్ని బయటి నుంచి నింపుకోవాలట, చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఇన్సులిన్ తీసుకోవడం లేదా, జీవితాంతం వేసుకుంటే మాత్రం తప్పేముంది అన్నారు. మాత్ర మళ్లీ మొదలుపెట్టిన మూడో రోజుకు తలలో కరెంటు ఆగిపోయింది. దాంతో ఆయన చెప్పినదే నిజమని నా తలే సాక్ష్యం చెప్పినట్టయింది.

ఆ రోజుల్లో ఇంట్లో జరిగినది కూడా చెప్పాలి. నేను దేనికి అడ్డం చెప్పినా, ఫ్యాను వేగం గురించి గొంతు పెంచినా, వెంటనే ఒకే ప్రశ్న: "మాత్ర వేసుకున్నావా?" ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఒక మనిషికి జబ్బు పేరు పెట్టాక అతని న్యాయమైన కోపం కూడా జబ్బు లక్షణాల పద్దులోకే పోతుంది. 1973లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ రోజెన్‌హాన్ అచ్చువేసిన ప్రయోగం గురించి ఒకసారి మనం తెల్లవారే దాకా వాదించుకున్నాం, గుర్తుందా? ఎనిమిది మంది తమకు లేని మాటలు వినిపిస్తున్నాయని అబద్ధం చెప్పి పన్నెండు మానసిక ఆసుపత్రుల్లో చేరి, చేరిన క్షణం నుంచి మామూలుగానే ప్రవర్తించినా సగటున 19 రోజులు లోపలే ఉండిపోయారు. వాళ్లలో ఒకరు తాను చూసినవి పుస్తకంలో రాసుకుంటుంటే, ఆ రాసుకోవడాన్ని కూడా నర్సు రోగి ప్రవర్తనగా నమోదు చేసింది. ఆ ప్రయోగం నిప్పులాంటిదని అప్పుడు నేను వాదించాను. తర్వాత 2019లో సుసానా కహాలన్ అనే పాత్రికేయురాలు దాన్ని తవ్వి, అందులో పొంతన కుదరనివి చాలానే బయటపెట్టింది కాబట్టి ఆ వాదంలో నువ్వే గెలిచావని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అయినా "మాత్ర వేసుకున్నావా" అని రోజుకు నాలుగుసార్లు వినిపించుకున్నవాడికి ఆ నర్సు ఉందా లేదా అని ఋజువులు అక్కర్లేదు.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. అక్క పోరు పడలేక రెండో డాక్టరు దగ్గరికి వెళ్లాను. పెద్దావిడ. అంతా విని ఒకే ప్రశ్న అడిగారు: "ఆరేళ్ల కిందట జబ్బుపడ్డప్పుడు తలలో ఇలా కరెంటు కొట్టేదా?" లేదన్నాను. "మరి ఎప్పుడూ లేనిది తిరగబెట్టడం ఏమిటండీ?"

నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. రెండు నెలలు నేను వేసుకోని ప్రశ్న, ఆ మంచివాడు వేయని ప్రశ్న అది. ఆవిడ చీటీ వెనకవైపు ఒక వంపు గీశారు. నాడీకణాలు ఆ రసాయనాన్ని, అంటే సెరటోనిన్‌ను వెనక్కి పీల్చుకునే ద్వారాలు ఉంటాయట, ఈ మందు వాటికి అడ్డుపడుతుంది. రోజుకు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే ఆ ద్వారాల్లో సుమారు 80 శాతం మూసుకుపోతాయి. 5 మిల్లీగ్రాములకు దిగినా ఇంకా 60 శాతం దరిదాపుల్లో మూసుకునే ఉంటాయి. అంటే మొదటి పదిహేను మిల్లీగ్రాములు తీసేస్తే కదిలేది 20 శాతమే, మిగిలిన ఆ 60 శాతమూ చివరి ఐదులో ఉంది. సగం మాత్ర నుంచి సున్నాకు రావడం ఆఖరి మెట్టు దిగడమని నేను అనుకున్నాను, నిజానికి మేడ మీద నుంచి దూకాను. పైగా ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 35 గంటలు పడుతుంది కాబట్టి, రోజు విడిచి రోజు వేసుకోవడమంటే మెదడును ఉయ్యాల ఊపడమేనని ఆవిడ అన్నారు. అందుకే ఈసారి చివరి ఐదునూ సిరంజితో కొంచెం కొంచెంగా దిగుతున్నాను. ఈ లెక్కను మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే వాళ్లు 2019లో ఒక వైద్య పత్రికలో రాశారు. హోరోవిట్జ్ స్వయంగా మానసిక వైద్యంలో ఉండి, ఇలాంటి మందే మానబోయి ఇవే బాధలు పడ్డవాడు. ఇదే జాతి మందైన ఫ్లూక్సెటీన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1987లో. మందు ఎక్కించడం ఎలాగో అప్పటి నుంచీ తెలుసు, దించడం ఎలాగో ఇంత స్పష్టంగా గీసి చూపడానికి ముప్పై ఏళ్లు దాటింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

నువ్వు ఇప్పుడు మొహం వెలిగించుకుని "నేను మొదటి నుంచీ చెప్పలేదా, ఇదంతా మందుల కంపెనీల మాయ" అంటావు. సగం వరకే అను. రసాయనం తక్కువైందన్న కథకు పునాది బలహీనమని 2022లో మానసిక వైద్యురాలు జోఆనా మోన్‌క్రీఫ్ బృందం పాత పరిశోధనలన్నీ కూడదీసి చూపింది. నీ చేతికి ఇంకో రాయి కూడా ఇస్తాను: డిప్రెషన్ మందులకు అమెరికాలో అనుమతి కోసం నమోదైన 74 పరీక్షల్ని 2008లో ఎరిక్ టర్నర్ బృందం వెతికి పట్టుకుంటే, మందు పనిచేసిందని తేలిన 38లో 37 అచ్చయ్యాయి, మిగిలిన 36లో 22 అచ్చే కాలేదు, 11 పనిచేసినట్టే కనిపించేలా అచ్చయ్యాయి, ఉన్నది ఉన్నట్టు చెప్పినవి మూడే. కానీ 2018లో 522 పరీక్షల్ని, అచ్చుకాని సమాచారంతో సహా, కలిపి చూసినప్పుడు అందులోని 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే కొంత మెరుగేనని తేలింది. ఆ "కొంత" ఎంత అన్నదే అసలు తగువు. ఎనిమిదేళ్ల కిందట మంచం దిగలేని నన్ను ఆ మాత్ర లేపిందో, కాలం లేపిందో, అక్క లేపిందో నాకు తెలియదు, కానీ మాత్ర వేసుకుంటున్నప్పుడే లేచాను. చేతికర్ర పనిచేయడానికి నా కాలు కర్రతో చేసినదని ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఒకమాట, ఈ ఉత్తరం పట్టుకుని మీ తమ్ముడి లిథియం జోలికి మాత్రం పోకు. అది వేరే మందు, వేరే జబ్బు, ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో మనం ఒకసారి కళ్లారా చూశాం.

మధ్యలో కౌన్సెలింగ్‌కూ వెళ్లాను. నాలుగు గడుల పట్టిక ఇచ్చి సందర్భం, ఆలోచన, దానివల్ల కలిగిన బాధ, దానికి బదులు వేరే ఆలోచన రాసుకు రమ్మన్నారు. రెండో గడిలో నేను "ముగ్గురి పని ఒక్కణ్ణే చేయలేను" అని రాశాను. ఆ ఆలోచన తప్పని చూపే ఆధారాలు వెతకమన్నారు. పంచాంగం, మా విభాగంలో రెండు ఉద్యోగాలు ఏడాదిగా ఖాళీగా ఉన్నాయి! ఆధారాలన్నీ నా ఆలోచన పక్షానే ఉన్నాయి. ఆ మాట చెబితే ఆ అమ్మాయి నవ్వేసింది, ఆ రోజు పట్టిక పక్కన పెట్టి గంటసేపు ఊరికే మాట్లాడుకున్నాం, నాకు పనికొచ్చినది ఆ గంటే. ఏ పద్ధతి అయినా ఫలితం దాదాపు ఒకటేనని, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పనిచేస్తోందని 1936లోనే మనస్తత్వవేత్త సాల్ రోజెన్‌జ్వైగ్ అన్నాడట. అది సరే, ఖాళీగా ఉన్న ఆ రెండు ఉద్యోగాలకు చికిత్స ఎవరు చేస్తారు? నా ఊపిరి లెక్కపెట్టుకోవడం నాకు నేర్పారు, నా పని గంటలు లెక్కపెట్టినవాడు ఒక్కడూ లేడు.

ఇంతసేపూ తిరిగి తిరిగి రాయలేకపోతున్నది ఇంకొకటి ఉంది. మీ నాన్నగారు పోయిన రోజు నేను నీ పక్కనే నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. లోపల అద్దానికి అవతల ఎక్కడో దుఃఖం ఉందని తెలుస్తోంది, చెయ్యి చాపితే అద్దమే తగులుతోంది. ఈ మందులతో కొందరికి అలా మొద్దుబారుతుందని ఇప్పుడు చదివాను, అప్పుడు మాత్రం నేనే రాయినని అనుకున్నాను. నువ్వూ అనుకుని ఉంటావు. ఆపకుండా ఏడుస్తున్న నీకేమో మూడు వారాలకే ఎవరో మాత్ర రాయించుకోమన్నారు. 2013లో వచ్చిన అమెరికా వాళ్ల రోగనిర్ణయ పుస్తకం, అయినవాళ్లు పోయిన తొలి రెండు నెలలకు అంతకుముందు ఉన్న మినహాయింపును ఎత్తేసింది. లక్షణాలు సరిపోతే ఆ శోకంలో కూడా రెండు వారాలకే డిప్రెషన్ అనవచ్చు. తండ్రి కోసం ఏడ్చినవాడు రోగి, ఏడవలేనివాడు కోలుకున్నవాడు. బాగుంది కదా.

మొన్న 3.4 మిల్లీగ్రాములకు దిగిన వారంలో పాత పెట్టె సర్దుతుంటే మన చదరంగం కాగితం దొరికింది, ఎత్తుల పక్కన మీ నాన్నగారు ఎర్రసిరాతో దిద్దినది. "గుర్రాన్ని తొందరపెట్టకు" అని ఉంది చూడు, అది. నేల మీద కూలబడి మూడేళ్లు ఆలస్యంగా ఏడ్చాను. ఏడుస్తూనే, ఇది మందు తగ్గించినందుకు వచ్చినదా, లేక ఆయన కోసమా అని లోపల ఎవడో లెక్క వేస్తున్నాడు. పెద్దావిడను అడిగాను. "నాకు తెలియదు. ఏడవండి, వచ్చే వారం ఏమీ తగ్గించకండి" అన్నారు. తెలియదని చెప్పిన మొదటి డాక్టరు ఆవిడే. అందుకేనేమో ఆవిడ చెప్పిన మిగతావన్నీ...

అక్క పిలుస్తోంది, తొమ్మిదైంది. ఈ రాత్రి ఒకటిన్నర నుంచి 0.8కి దిగాలి. సిరంజి మీద గీతలు మరీ సన్నగా ఉంటాయి, కొత్త కళ్లద్దాలు పెట్టుకుని దీపం కింద కూర్చుంటే తప్ప కనబడవు. గొడుగు సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
మూడో బెంచీ ముద్దాయి