డకోటాకు ఒక్క వాక్యమూ దక్కదా?

సంపాదకుడికి,

పదాతిదళ దినోత్సవంపై మీ పత్రిక సగం పేజీ కథనం వేసి వారం దాటింది. ఎవరైనా తప్పు ఎత్తిచూపుతారేమోనని ఆగాను. ఎవరికీ పట్టినట్టు లేదు. 1947 అక్టోబరు 27న, కశ్మీర్‌పై దాడికి వచ్చినవారిని అడ్డుకోవడానికి సైన్యం శ్రీనగర్‌కు ‘ప్రత్యేక విమానాల్లో’ వెళ్లిందట! దండలు వేసిన నాయకుల పేర్లు మాత్రం హోదాలతో సహా అచ్చయ్యాయి.

అవి డకోటాలండీ. 1935లో ప్రయాణికుల కోసం పుట్టిన డీసీ-3 విమానానికి పెద్ద తలుపు పెట్టి, నేల గట్టిపరచి, యుద్ధకాలంలో అమెరికా పదివేలకు పైగా తయారుచేసిన సరుకు విమానాలు. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు పెట్రోలు, మందుగుండు మోసినవాటిలో అవీ ఉన్నాయి. ఆ అక్టోబరు 27న అవి సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియన్‌ను ఎక్కించుకొని ఢిల్లీలో బయలుదేరేటప్పటికి శ్రీనగర్ విమానాశ్రయం ఎవరి చేతిలో ఉందో కూడా తెలియదు. పైనుంచి చూసుకొని దిగాలి, లేదా వెనక్కి తిరగాలి. ఆ రోజుల్లో ప్రైవేటు సంస్థల డకోటాలూ, వాటి పౌర పైలట్లూ ఈ పనిలో దిగారు. వారిని తలచినవారేరీ? మరుసటి ఏడాది మే 24న వాయుసేన అధికారి మెహర్ సింగ్, సైన్యానికి చెందిన జనరల్ తిమ్మయ్యతో కలిసి డకోటాలో లద్దాఖ్‌లోని లేహ్‌లో దిగారు. పదకొండు వేల అడుగుల ఎత్తు, ఇంజినీరు సోనమ్ నోర్బు అప్పటికప్పుడు సిద్ధం చేయించిన నేల, లోపల గాలి పీడనం నిలిపే ఏర్పాటే లేని విమానం!

మిమ్మల్ని మాత్రమే అనడం న్యాయం కాదు. ఇన్ని మోసిన దేశానికి ఎగిరే డకోటా ఒకటి కావలసివస్తే అది విదేశంలో తుక్కుగా పడివుండగా దొరికింది. డకోటా పైలట్ కొడుకు, అప్పటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ సొంత డబ్బుతో బాగుచేయించి 2018లో వాయుసేనకు ఇచ్చారు. శ్రీనగర్ వెళ్లిన తొలి డకోటా సంఖ్య వీపీ 905నే దానికీ పెట్టారు. అంటే, గుర్తుంచుకోవడం కూడా కొడుకులు తండ్రుల కోసం చేసుకోవాలి. ప్రభుత్వాలకు విగ్రహాలు, ఫ్లెక్సీలు చాలు.

మన సంగతి ఇంకా ఘనం. నిజాం ప్రభుత్వ కాలంలో బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ డకోటాలే. 1953లో విమాన సంస్థల జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. విశాఖ తీరంలో ప్రదర్శనకు పెట్టిన నౌకాదళ టీయూ-142 విమానం చూడటానికి పిల్లలు బారులు తీరుతున్నారు. బేగంపేటలో మాత్రం ఆ కథ చెప్పే చిన్న బోర్డు కూడా నా కంటపడలేదు. పెట్టించడానికి నిధులు లేవంటారేమో. ఒక్క మంత్రిగారి స్వాగత తోరణం ఖర్చు ఇప్పించండి, మిగిలితే వెనక్కి కడతాం.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్